కాటా చీటీ చూశాక మారిపోయిన లిఫ్ట్ కిట్ లిస్టు: ఒక జిమ్నీ సస్పెన్షన్ కేస్ స్టడీ

ఆఫ్ రోడ్ కొత్తగా మొదలుపెట్టినవాళ్ళు మా వర్క్‌షాప్‌కి వచ్చి అడిగే మొదటి మాట దాదాపు ఎప్పుడూ ఒకటే, "ఎన్ని ఇంచులు లేపుదాం అన్నా" అని. బండి బరువెంత అని నేను తిరిగి అడిగితే మాత్రం జవాబుండదు. లిఫ్ట్ ఎంత అనేది చివర్లో దానంతట అదే తేలే లెక్క అండి. బరువెంత, చక్రం పైకీ కిందకీ ఎంత కదలగలదు, ఈ రెండూ తెలియకుండా స్ప్రింగులు కొనడం కాలు కొలవకుండా చెప్పులు కొనడం లాంటిది. ఈ కేసులో ఆ రెండు కొలతలే మొత్తం లిస్టుని మార్చేశాయి కాబట్టి మొదటి నుంచీ రాస్తున్నా, లెక్కలతో సహా.

బండి సుజుకీ జిమ్నీ, మూడు డోర్లది, 2018లో వచ్చిన జేబీ74 మోడల్. తెలియనివాళ్ళ కోసం చెప్తున్నా, లాడర్ ఫ్రేమ్ (నిచ్చెన ఆకారపు ఛాసిస్), ముందూ వెనకా రెండూ రిజిడ్ యాక్సిల్సే (రెండు చక్రాల్నీ కలిపే ఒకే గట్టి ఇరుసు), నాలుగు చోట్లా కాయిల్ స్ప్రింగులు. వీల్‌బేస్ (ముందు వెనక చక్రాల మధ్య దూరం) 2250 మి.మీ., గ్రౌండ్ క్లియరెన్స్ 210 మి.మీ., అప్రోచ్ యాంగిల్ (ముందు బంపర్ తగలకుండా ఎక్కగల వాలు) 37 డిగ్రీలు, డిపార్చర్ (వెనక బంపర్ తగలకుండా దిగగల వాలు) 49 డిగ్రీలు. అంటే కంపెనీ నుంచి వచ్చినప్పుడే కొత్తవాళ్ళకి ఎక్కువైనంత సత్తా ఉన్న బండి.

ఓనర్ కుర్రాడు, ఆఫ్ రోడ్‌కి కొత్త. చేతిలో లిస్టు రెడీగా ఉంది: మూడు ఇంచుల లిఫ్ట్ కిట్, రిమోట్ రిజర్వాయర్ షాకులు (షాక్ అంటే స్ప్రింగు ఊగుడుని ఆపే ఆయిల్ గొట్టం, వీటికి ఆయిల్ డబ్బా విడిగా ఉంటుంది), 31 ఇంచుల టైర్లు, హెవీ డ్యూటీ స్టీరింగ్ డ్యాంపర్ (స్టీరింగు వణుకుని అణిచేది). నేను ఆ లిస్టు పక్కన పెట్టి, బాబూ నీకు బండితో ఇబ్బంది ఏంటో చెప్పు, పార్టుల పేర్లు వద్దు అన్నా. అప్పుడు చెప్పాడు. లోడుతో మట్టి రోడ్డు మీద వెళ్తుంటే వెనక ధడ్ ధడ్‌మని కొట్టేస్తుంది, రాళ్ళ మీద నెమ్మదిగా వెళ్తున్నా తల అటూ ఇటూ ఊగిపోతుంది, పక్కవాలులో భయమేస్తుంది, తారు రోడ్డు మీద గతుకులన్నీ నడుముకి తెలుస్తాయి. నాలుగూ నిజమైన ఇబ్బందులే, కానీ అతని లిస్టులో ఉన్న మూడు ఇంచుల లిఫ్ట్ ఈ నాలుగింటిలో మూడింటిని ఇంకా పెంచేది.

ముందు గాలి, తర్వాత కాటా

పానా పట్టుకోకముందే టైర్లలో గాలి చూశా. నాలుగింట్లోనూ 36 పీఎస్ఐ. జిమ్నీ లాంటి తేలికపాటి బండికి ఇది చాలా ఎక్కువ, డోర్ దగ్గర స్టిక్కర్ మీద ఉండేది దీనికంటే బాగా తక్కువ. "ఎక్కువ ఉంటే పంక్చర్ కాదు కదన్నా" అన్నాడు. ఇది చాలామందిలో ఉన్న నమ్మకమే, ఆఫ్ రోడ్‌లో మాత్రం ఉల్టా జరుగుతుంది, గట్టిగా ఉబ్బిన టైరు రాయి మీద వంగదు, ట్రెడ్ కోసుకుపోయే ఛాన్స్ ఎక్కువ. పైగా టైరే బండికి మొదటి స్ప్రింగ్, చిన్న చిన్న రాళ్ళు, గులకలు అవన్నీ సస్పెన్షన్ దాకా రాకముందే టైరు మింగేయాలి. తారు మీద 28కి, మట్టి రోడ్డు మీద లోడుతో 20-22కి దింపి, మా టెస్టు దారిలో అతన్నే నడపమన్నా. సగం కంప్లయింట్ అక్కడే పోయింది. తల ఊగడం తగ్గింది, నడుముకి తగలడం బాగా తగ్గింది. వెనక కొట్టడం మాత్రం అలానే ఉంది. కొత్తవాళ్ళు ముందు కొనాల్సింది ఒక మంచి ప్రెషర్ గేజ్, ఒక పోర్టబుల్ కంప్రెసర్. గాలి దింపినవాళ్ళు తారెక్కే ముందు మళ్ళీ నింపుకోవాలి, తక్కువ గాలితో స్పీడుగా వెళ్తే టైరు వేడెక్కి పాడవుతుంది.

తర్వాత బండిని ట్రిప్పుకి ఎలా లోడ్ చేస్తాడో అలాగే లోడ్ చేసి తీసుకురమ్మన్నా, ఇద్దరు మనుషులు, ఫుల్ ట్యాంకు, నీళ్ళు, సామాను అంతా. వేబ్రిడ్జి మీద ముందు చక్రాలు విడిగా, వెనక చక్రాలు విడిగా, తర్వాత మొత్తం కాటా వేయించాం. ముందు 670, వెనక 815, మొత్తం 1485 కేజీలు. ఈ బండికి కంపెనీ ఇచ్చిన గ్రాస్ వెహికిల్ వెయిట్ (జీవీడబ్ల్యూ, లోడుతో కలిపి ఉండదగ్గ గరిష్ట బరువు) 1435 కేజీలు. అంటే 50 కేజీలు ఎక్కువ లోడుతో తిరుగుతున్నాడు, ఆ సంగతి అతనికి తెలియను కూడా తెలియదు.

చీటీ చూసి కుర్రాడు నమ్మలేదు, కాటా తప్పేమో అన్నాడు. కూర్చుని లెక్కేశాం. బండి ఖాళీ బరువు 1110 చిల్లర లేకుండా పెట్టుకున్నాం. ఇద్దరు మనుషులు 145. ముందు స్టీల్ బంపర్ పాతదానికంటే 35 ఎక్కువ. వెనక డ్రాయర్, ఫ్రిజ్ కలిపి 60. పైన రాక్, రూఫ్ టెంట్ కలిపి 75. నీళ్ళు 20. టూల్స్, రికవరీ సామాను, బట్టల బ్యాగులు 40. కూడితే సరిగ్గా 1485. ఒక్కొక్కటిగా చూస్తే ఏదీ పెద్ద బరువు కాదు, అందుకే ఎవరికీ అనుమానం రాదు.

అందులో రూఫ్ మీద 75 గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. జిమ్నీ మాన్యువల్‌లో పైకప్పు మీద పెట్టుకోదగ్గ బరువు 30 కేజీలే. అది ఒక ఎత్తయితే, బండి సెంటర్ ఆఫ్ గ్రావిటీ (బరువంతా కేంద్రీకరించినట్టుండే చోటు) మీద దాని ప్రభావం ఇంకో ఎత్తు. బండి గ్రావిటీ సెంటర్ నేల నుంచి సుమారు 70 సెం.మీ. ఎత్తులో ఉందనుకుందాం, టెంట్ సుమారు 180 సెం.మీ. ఎత్తులో ఉంది. మిగతా బండి 1410 కేజీలు. లెక్కేస్తే ఆ 75 కేజీలు ఒక్కటే గ్రావిటీ సెంటర్‌ని దాదాపు 5.5 సెం.మీ. పైకి లేపుతుంది. మూడు ఇంచుల లిఫ్ట్ కూడా దగ్గర దగ్గర అంతే లేపుతుంది, ఎందుకంటే లిఫ్ట్‌లో బాడీ, ఛాసిస్ లేస్తాయి గానీ యాక్సిల్సూ చక్రాలూ నేల మీదే ఉంటాయి. పక్కవాలులో భయమేస్తుంది అన్నవాడు టెంట్ అలానే ఉంచి దాని మీద మూడు ఇంచులు లేపితే రెండూ కలుస్తాయి కదా. జిమ్నీ ట్రాక్ వెడల్పు (ఎడమ కుడి చక్రాల మధ్య దూరం) సుమారు 1400 మి.మీ., సగం 700. గ్రావిటీ సెంటర్ 700 దగ్గర ఉంటే కాగితం మీద 45 డిగ్రీల వాలు దాకా బండి పడదు, 760కి వెళ్తే అది 42.6కి వస్తుంది, 820కి వెళ్తే 40.5. నిజం బండిలో పక్కకి వాలినప్పుడు కింది వైపు స్ప్రింగు, టైరు అణిగిపోతాయి కాబట్టి ఈ కోణాలు ఇంకా చాలా తగ్గుతాయి, ఒక రాయి తగిలితే చెప్పక్కర్లేదు.

మాట్లాడి మాట్లాడి చివరికి రూఫ్ టెంట్, రాక్ తీసేయడానికి ఒప్పుకున్నాడు. కష్టంగానే ఒప్పుకున్నాడు, ఇష్టపడి కొనుక్కున్న వస్తువు కదా, నాకూ అర్థమైంది. దాని బదులు 8 కేజీల మామూలు టెంటు, ఫ్రిజ్ స్థానంలో చిన్న కూల్ బాక్స్, దాంతో ఇంకో 18 తగ్గింది. కొత్త కాటా: ముందు 660, వెనక 740, మొత్తం 1400. జీవీడబ్ల్యూ లోపల ఇంకా 35 కేజీలు మిగిలాయి. ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్తా, బలమైన స్ప్రింగులు వేసినంత మాత్రాన బండి మోయగలిగే లీగల్ బరువు పెరగదు. బ్రేకులు, యాక్సిల్, హబ్ బేరింగులు, ఛాసిస్ అన్నీ పాత లెక్కకే ఉన్నాయి.

పాత సస్పెన్షన్‌లో ఏముందో చూడటం

కొత్తవి కొనేముందు పాతవి ఎందుకు ఫెయిలయ్యాయో తెలియాలి. వెనక షాకులు రెండూ విప్పి బెంచి మీద నిలువుగా పెట్టి చేత్తో నొక్కి లాగి చూశా. ఎడమది మొదటి నుంచి చివరిదాకా ఒకేలా బిగువుగా కదిలింది. కుడిదాన్ని లాగి మళ్ళీ నొక్కేటప్పుడు, దిశ మారిన చోట కొంత దూరం ఏ బిగువూ లేకుండా జారిపోయి, తర్వాత ఒక్కసారి పట్టుకుంది. బాడీ మీద దుమ్ము తడిగా అంటుకుని ఉంది, సీల్ దగ్గర నుంచి ఆయిల్ కారి. బండి మీద ఉన్నప్పుడు మూల మీద నొక్కి ఊపి చూసే టెస్టులో ఇది దొరకలేదు, ఎందుకంటే రెండో షాక్ ఆ పని కూడా చేసేస్తుంది. వీలైతే విప్పి చూడండి, రెండు బోల్టుల పని.

తర్వాత ట్రావెల్, అంటే చక్రం పైకీ కిందకీ కదలగల దూరం. ఖాళీ బండిలో వెనక యాక్సిల్ మీది ప్యాడ్‌కీ, యాక్సిల్ ఛాసిస్‌ని కొట్టకుండా ఆపే బంప్ స్టాప్ రబ్బరుకీ మధ్య 110 మి.మీ. ఖాళీ ఉంది. 1485 లోడుతో కొలిస్తే 35 మిగిలింది. బండి కదలకముందే దాదాపు మూడొంతుల్లో రెండొంతుల ట్రావెల్ అయిపోయింది, ఇక ప్రతి గుంతలోనూ యాక్సిల్ రబ్బరుని కొడుతుంది. ధడ్ ధడ్ అంటే అదే. షాక్ రాడ్డుకి ఒక ప్లాస్టిక్ జిప్ టై బిగించి కింద సీల్ దాకా జరిపి, టెస్టు దారిలో ఒక రౌండు తిప్పి తెస్తే అది ఎక్కడిదాకా జరిగిందో అదే షాక్ వాడుకున్న ట్రావెల్. ఖర్చేమీ లేని టూలు, నేను ప్రతి బండికీ కడతా. ఈ బండిలో అది చివరిదాకా వెళ్ళిపోయింది.

స్ప్రింగ్ రేటు (ఒక మి.మీ. అణగడానికి ఎంత బలం కావాలో) తెలుసుకోవడం కూడా ఇంత సులువే. రియర్ యాక్సిల్ మీదుగా 100 కేజీల ఇసుక బస్తాలు పెట్టించా. పెట్టకముందూ పెట్టాకా బండిని ఒకటికి నాలుగుసార్లు ఊపి, వీల్ హబ్ మధ్య నుంచి ఫెండర్ అంచు దాకా టేపుతో కొలిచా, ఊపకపోతే బుష్‌ల (కీళ్ళలోని రబ్బరు గొట్టాల) రాపిడి వల్ల కొలత తప్పు వస్తుంది. నేల నుంచి ఫెండర్ కొలవకండి, టైరు గాలి మారితే అది మారిపోతుంది. 25 మి.మీ. దిగింది. ఒక్కో స్ప్రింగు మీద 50 కేజీలు, అంటే 490 న్యూటన్లు, దాన్ని 25తో భాగిస్తే మి.మీ.కి సుమారు 20 న్యూటన్లు. ఇప్పుడు చేతిలో అసలైన లెక్క ఉంది. ఖాళీ బండిలో వెనక 510 ఉండేది, 815 అయ్యింది, 305 పెరిగింది, ఒక్కో వైపు 152, అంటే 1496 న్యూటన్లు, 20తో భాగిస్తే 75 మి.మీ. 110లోంచి 75 తీస్తే 35. టేపు చెప్పిందీ లెక్క చెప్పిందీ ఒకటే.

స్ప్రింగ్ ఎంపిక

క్యాటలాగుల్లో స్ప్రింగులు సాధారణంగా ఖాళీ బండికి, కొంత స్థిరమైన లోడుకి, భారీ స్థిరమైన లోడుకి అని ఉంటాయి. కొత్తవాళ్ళు బలమైనదే మంచిది అని మూడోది తీసుకుంటారు. "హెవీది వేసేద్దాం అన్నా, ముందు ముందు సామాను పెరుగుతుంది కదా" అని ఇతనూ అన్నాడు. నేను ఒప్పుకోలేదు, కారణం ఇది. అతను వారమంతా ఖాళీ బండితో ఒక్కడే తిరుగుతాడు, లోడు ట్రిప్పులకే. వెనక ఒక్కో మూల మీద స్ప్రింగు మోసే బరువు ఖాళీగా ఉన్నప్పుడు సుమారు 250 కేజీలు అనుకుంటే, 20 న్యూటన్ల పాత స్ప్రింగుతో బండి ఊగే వేగం సెకనుకి 1.4 సార్లు, 25 న్యూటన్లదైతే 1.6, 35 న్యూటన్లదైతే 1.9. ఆ 1.9 అంటే ఖాళీ బండి ప్రతి గతుకులోనూ ఎగిరెగిరి పడుతుంది, మట్టి రోడ్డు ఎత్తుపల్లాల్లో టైరు నేలని వదిలేస్తుంది, గ్రిప్ పోతుంది. ఇంకోటి, బలమైన స్ప్రింగు తక్కువ లోడులో అసలు అణగదు కాబట్టి బండి ఎత్తుగా నిలబడి షాక్ దాదాపు పూర్తిగా సాగిపోయి ఉంటుంది, కిందకి చాచుకోవడానికి ట్రావెల్ మిగలదు. గుంతలోకి చక్రం దిగాల్సిన చోట గాల్లో వేలాడుతుంది. చూడటానికి ఎత్తుగా ఉంటుంది, పనితనం తగ్గుతుంది.

మేం తీసుకుంది వెనక మి.మీ.కి 25 న్యూటన్లది, స్టాక్ బరువు మీద 40 మి.మీ. లిఫ్ట్ ఇచ్చేది. కొత్త లోడు లెక్క: వెనక 740 అంటే ఖాళీ కంటే 230 ఎక్కువ, ఒక్కో వైపు 115 కేజీలు, 1128 న్యూటన్లు, 25తో భాగిస్తే 45 మి.మీ. దిగుతుంది. 110కి లిఫ్ట్ 40 కలిపి 45 తీసేస్తే 105 మి.మీ. బంప్ స్టాప్ కింద 20 మి.మీ. స్పేసర్ వేశాం, అది ఎందుకో కింద చెప్తా, కాబట్టి 85 మిగులుతుంది. 35 ఎక్కడ 85 ఎక్కడ. లోడుతో బండి నిలబడే ఎత్తు ఖాళీ స్టాక్ బండికి దగ్గరగానే ఉంటుంది, అంటే కంపెనీ ఇంజినీర్లు డిజైన్ చేసిన చోటే. అతనికి కావాల్సింది అదే, ఎత్తు పేరుతో అడిగాడు అంతే.

ముందు వైపు 60 కేజీలే పెరిగింది, విన్చ్ (ఇరుక్కున్న బండిని లాగే మోటారు తాడు) లేదు, పెట్టే ఆలోచనా లేదు. అందుకని స్టాక్ కంటే కొంచెం గట్టి స్ప్రింగ్, అదే 40 లిఫ్ట్. కొంతమంది ముందూ వెనకా కిట్‌లో వచ్చిన జత అలాగే వేసేస్తారు, విన్చ్ లేని బండికి విన్చ్ స్ప్రింగు వేస్తే ముక్కు పైకి లేచి నిలబడుతుంది.

షాకులు

రిమోట్ రిజర్వాయర్ షాకులు చెడ్డవి అని కాదు. షాక్ పని అంటే కదలికని వేడిగా మార్చడం. బరువైన బండి, వరస గతుకుల రోడ్డు మీద స్పీడుగా గంటలకొద్దీ వెళ్తే ఆ వేడికి ఆయిల్ పలచబడి డ్యాంపింగ్ తగ్గిపోతుంది, అప్పుడు ఆయిల్ ఎక్కువ పట్టే రిజర్వాయర్, లావు బాడీ అవసరం. ఈ కుర్రాడు 1400 కేజీల బండితో రాళ్ళ దారుల్లో నడక స్పీడులో వెళ్తాడు. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో టెస్టు దారి చివర చూస్తే పాత షాకులు గోరువెచ్చగా ఉన్నాయి అంతే. గ్యాస్ నింపిన ట్విన్ ట్యూబ్ షాకులు (గొట్టంలో గొట్టం ఉండేవి; మోనో ట్యూబ్‌లో ఒకటే గొట్టం), ఆ స్ప్రింగ్ రేటుకి సరిపోయేలా లోపలి వాల్వులు సెట్ చేసినవి సరిపోతాయి. ఆఫ్ రోడ్‌కి ట్విన్ ట్యూబ్‌లో ఒక లాభం కూడా ఉంది, బయటి గొట్టానికి రాయి తగిలి చిన్న సొట్ట పడినా లోపల పిస్టన్ వేరే గొట్టంలో తిరుగుతుంది కాబట్టి పని ఆగదు, మోనో ట్యూబ్‌లో అలాంటి సొట్ట పడితే పిస్టన్ అక్కడే పట్టేస్తుంది. మోనో ట్యూబ్‌కి ఉండే లాభం వేడి త్వరగా వదలడం, ఆయిల్ నురగ కట్టకపోవడం. ఎవరి వాడకం వాళ్ళది.

కొత్త స్ప్రింగు పాత షాక్‌తో వేసుకుందాం, తర్వాత డబ్బులు చూసుకుని షాకులు మారుద్దాం అని చాలామంది అడుగుతారు. గట్టి స్ప్రింగు తిరిగి సాగేటప్పుడు దాన్ని పట్టుకోవాల్సింది షాక్ రీబౌండ్ డ్యాంపింగే (సాగేటప్పుడు ఇచ్చే బిగువు), పాతదానికి ఆ బలం ఉండదు, పైగా 40 లేపితే పొడవు కూడా చాలదు. నాలుగు స్ప్రింగులు, నాలుగు షాకులు ఒకేసారి, ఒకదానికొకటి సరిపోయేవి. డబ్బులు చాలకపోతే టైరు గాలి, బరువు తగ్గించడం ఈ రెండూ చేసుకుని ఆగండి, సగం పని మాత్రం చేయకండి.

బిగించే రోజు

ఇక్కడే కిట్‌కీ ఫిట్టింగ్‌కీ తేడా తెలుస్తుంది. షాకులు బిగించి స్ప్రింగులు మాత్రం వేయకుండా, జాకీతో యాక్సిల్‌ని పైదాకా నొక్కి చూశాం. బంప్ స్టాప్ పూర్తిగా అణిగిన చోట షాక్ రాడ్డు ఇంకా 12 నుంచి 15 మి.మీ. బయట ఉండాలి. లేకపోతే బండి బరువంతా షాక్ లోపలి వాల్వు మీద పడి మొదటి పెద్ద గుంతలోనే అది పోతుంది. మా మొదటి కొలతలో వెనక షాక్ ముందే అడుక్కి తగిలింది, కొత్త షాక్ పొడవు ఎక్కువ కాబట్టి మూసుకున్నప్పటి పొడవు కూడా ఎక్కువ. అందుకే ఆ 20 మి.మీ. స్పేసర్. తర్వాత ఒక చక్రం పైకి ఇంకో చక్రం కిందకి పెట్టి టైరు ఎక్కడ రాసుకుంటుందో చూశాం. పూర్తిగా కిందకి వేలాడదీసి బ్రేక్ హోస్, ఏబీఎస్ వైరు, డిఫరెన్షియల్ (యాక్సిల్ మధ్యలోని గేర్ల గుండు) బ్రీదర్ పైపు లాగుతున్నాయేమో చూశాం. ముందు బ్రేక్ హోస్ బిగుసుకుపోయింది, బ్రాకెట్ కిందకి దింపాల్సి వచ్చింది. తెగే వరకూ తెలియని విషయం ఇది, తెగితే బ్రేకులే ఉండవు, దయచేసి దీన్ని వదిలేయకండి.

జిమ్నీ ముందు యాక్సిల్‌ని రెండు పొడవాటి ఆర్ములు పట్టుకుని ఉంటాయి, ఒక్కో ఆర్మ్ యాక్సిల్‌కి రెండేసి బోల్టులతో ఉంటుంది కాబట్టి బాడీ లేస్తే ఆర్మ్ వంగిన కోణంతో పాటు యాక్సిల్ కూడా తిరుగుతుంది. ఆర్మ్ పొడవు 900 మి.మీ. అనుకుంటే 40 లిఫ్ట్‌కి కాస్టర్ (చక్రం తిరిగే ఇరుసు వెనక్కి వాలి ఉండే కోణం) సుమారు రెండున్నర డిగ్రీలు పోతుంది, మూడు ఇంచులైతే దాదాపు ఐదు డిగ్రీలు. కాస్టర్ పోతే హైవే మీద స్టీరింగు తేలిపోతుంది, మలుపు తర్వాత తనంతట తను సెంటర్‌కి రాదు. ఆఫ్‌సెట్ బుష్‌లు (రంధ్రం మధ్యలో కాకుండా పక్కకి ఉండేవి) వేసి దాన్ని వెనక్కి తెచ్చాం. అలాగే యాక్సిల్‌ని పక్కకి కదలకుండా పట్టుకునే పాన్‌హార్డ్ రాడ్డు ఏటవాలుగా ఉంటుంది, బండి లేచేకొద్దీ యాక్సిల్‌ని ఒక పక్కకి లాగుతుంది. ఈ బండిలో 6 మి.మీ. జరిగింది. అంత చిన్నదానికి అడ్జస్టబుల్ రాడ్డు తప్పనిసరి కాదు, కానీ వెనకది ఇంకో వైపుకి జరిగింది కాబట్టి ముందు ఒక్కటి వేశాం.

అన్నిటికంటే ఎక్కువగా వదిలేసే పని ఒకటుంది. ఆర్ముల రబ్బరు బుష్‌లు ఉంటాయే, వాటి బోల్టులు బండి గాల్లో ఉన్నప్పుడు ఫైనల్ టైట్ చేయకూడదు. ఆ రబ్బరు లోపలి గొట్టానికీ బయటి గొట్టానికీ అతుక్కుని ఉంటుంది, తిరగదు, మెలి తిరుగుతుంది. చక్రాలు వేలాడుతుండగా బిగిస్తే, నేల మీదకి దించగానే రబ్బరు ఎప్పుడూ మెలితిరిగే ఉంటుంది, త్వరగా చిరుగుతుంది, పైగా బండి ఎత్తులో అబద్ధం చెప్తుంది. నేల మీద, లోడు పడ్డాక, కాస్త ఊపి, అప్పుడు టార్క్ రెంచితో.

స్టీరింగు వీల్ కొంచెం పక్కకి తిరిగింది, లిఫ్ట్ చేసిన రిజిడ్ యాక్సిల్ బండిలో ఇది మామూలే. డ్రాగ్ లింక్ (స్టీరింగు బాక్సునీ చక్రాన్నీ కలిపే రాడ్డు) పొడవు సరిచేసి నేరుగా చేశాం. స్టీరింగు వీల్‌ని ఊడదీసి తిప్పి పెట్టే షార్ట్‌కట్ చేయకండి, ఈఎస్‌పీ (బండి జారకుండా తనే బ్రేకు వేసే సిస్టం) సెన్సార్‌కి బండి తిరుగుతోందని అనిపించి నేరుగా వెళ్తున్నప్పుడు కూడా బ్రేకు వేసే ప్రమాదం ఉంది. హెడ్‌లైట్ల ఎత్తు కూడా దింపాం, ఎదురుగా వచ్చేవాళ్ళ కళ్ళల్లో పడకుండా.

స్టీరింగ్ డ్యాంపర్ లిస్టులోంచి తీసేశాం. వీల్ వణకడానికి అసలు కారణాలు వీల్ బ్యాలెన్సు, పాన్‌హార్డ్ బుష్ అరిగిపోవడం, కింగ్‌పిన్ (ముందు చక్రం తిరిగే కీలు) బేరింగులు వదులు కావడం. గట్టి డ్యాంపర్ వేస్తే ఆ వణుకు కొన్నాళ్ళు కనపడకుండా పోతుంది, అరుగుదల లోపల సాగుతూనే ఉంటుంది. ఈ బండిలో అవన్నీ బాగానే ఉన్నాయి.

31 ఇంచుల టైర్ల బదులు 215/75 ఆర్15 ఆల్ టెరైన్ వేసుకున్నాడు. స్టాక్ 195/80 ఆర్15 వ్యాసం 693 మి.మీ., ఇది 703. అంటే డిఫరెన్షియల్ కింద పెరిగేది 5 మి.మీ. మాత్రమే. ఇది వినగానే నిరాశపడ్డాడు గానీ రిజిడ్ యాక్సిల్ బండిలో డిఫరెన్షియల్‌ని నేల నుంచి లేపేది టైరు ఒక్కటే, లిఫ్ట్ కిట్ ఎంత వేసినా డిఫ్ అక్కడే ఉంటుంది. 235/75 ఆర్15 వేస్తే 20 మి.మీ. పెరుగుతుంది, దానికి టైరు దాదాపు 6 శాతం పెద్దదవుతుంది, 1.5 లీటర్ల చిన్న ఇంజన్ మీద గేరింగు భారం, స్పీడోమీటర్ తక్కువ చూపించడం, బ్రేకింగ్ దూరం, బరువు అన్నీ వస్తాయి. కొత్తగా నేర్చుకునేవాడికి ఆ 20 మి.మీ. కంటే రాయి మీద టైరు ఎక్కడ పెట్టాలో తెలియడం ఎక్కువ పని చేస్తుంది.

వేరే బండ్లున్నవాళ్ళ కోసం కాస్త. హైలక్స్ లాంటి పికప్‌లలో ముందు ఇండిపెండెంట్ సస్పెన్షన్, వెనక కమాన్ పట్టీలు. వాటిలో ముందు లేపితే సీవీ జాయింట్ల (చక్రానికి శక్తినిచ్చే షాఫ్టు కీళ్ళ) కోణం పెరుగుతుంది, పై ఆర్మ్ బాల్ జాయింట్ చివరికి వచ్చేస్తుంది, అందుకే 50 మి.మీ. దాటేముందు బాగా ఆలోచించాలి. స్ట్రట్ (స్ప్రింగు, షాక్ కలిసి ఉండే యూనిట్) పైన పెట్టే స్పేసర్ మందం ఎంతో చక్రం దగ్గర లిఫ్ట్ అంత కాదు, అంతకంటే ఎక్కువ వస్తుంది, ఎందుకంటే స్ట్రట్ ఆర్మ్ మధ్యలో ఎక్కడో ఉంటుంది. వెనక పట్టీలకి ఒక అదనపు పట్టీ వేసేముందు బండి ఎక్కువ రోజులు ఖాళీగా తిరుగుతుందా లోడుతోనా చూసుకోండి. కాటా వేయడం మాత్రం ఏ బండికైనా ఒకటే. ఏ మార్పు చేసినా మీ దగ్గర రిజిస్ట్రేషన్ రూల్సు, ఇన్సూరెన్సు వాళ్ళ మాట ముందే రాతలో కనుక్కోండి.

తర్వాత ఎలా ఉంది

లోడుతో అదే టెస్టు దారి, అదే గాలి. జిప్ టై చివరికి చేరలేదు, కొంచెం దూరంలోనే ఆగింది, నాకు కావాల్సింది కూడా అదే, ఎప్పుడూ సగం ట్రావెలే వాడుకుంటుంటే స్ప్రింగు గట్టిదని అర్థం. వెనక కొట్టడం పోయింది. పక్కవాలులో అతని మొహం చూస్తేనే తెలిసింది, దానికి ఎక్కువ క్రెడిట్ రూఫ్ టెంట్ తీసేయడానిదే. తల ఊగడం పూర్తిగా పోలేదు, పోదు కూడా, పొట్టి వీల్‌బేస్, రెండు వైపులా రిజిడ్ యాక్సిల్, ఒక చక్రం రాయి ఎక్కితే బాడీ మొత్తం పక్కకి ఊగుతుంది, స్పీడు తగ్గించడమే మందు. తారు మీద మలుపుల్లో స్టాక్ కంటే కాస్త ఎక్కువ వాలుతుంది, ఖాళీ బండిలో వెనక కాస్త గట్టిగా అనిపిస్తుంది. ఇవి ముందే చెప్పి ఒప్పించిన విషయాలు.

వెయ్యి కిలోమీటర్ల లోపు మళ్ళీ పిలిపించి బోల్టులన్నీ టార్క్ చూశా, పాన్‌హార్డ్ బోల్టు ఒకటి కొద్దిగా తిరిగింది. స్ప్రింగులు 5 మి.మీ. దాకా కూర్చున్నాయి, కొత్త స్ప్రింగులకి అది సహజం, అలైన్‌మెంట్ మరోసారి చూశాం.

ఇప్పుడు అడుగుతున్నది ఏంటంటే ముందు యాంటీ రోల్ బార్ (మలుపులో బండి వాలకుండా ఆపే కడ్డీ) లింకులు విప్పుకునేలా చేయించుకుందామా, లేక వెనక డిఫ్ లాకర్ (రెండు చక్రాల్నీ కలిపి ఒకేలా తిప్పేది) వేయించుకుందామా అని. యాంటీ రోల్ బార్ విప్పితే నెమ్మది స్పీడు రాళ్ళలో చక్రాలు ఇంకాస్త చాచుకుంటాయి, కానీ తారెక్కే ముందు తిరిగి బిగించడం మర్చిపోతే మలుపులో బండి బాగా వాలిపోతుంది. లాకర్ కంటే ముందు జిమ్నీలో ఉన్న బ్రేక్ ట్రాక్షన్ కంట్రోల్‌ని ఫోర్ లో గేరులో (నాలుగు చక్రాలూ తిరిగే నెమ్మది గేరు) వాడటం నేర్చుకోమన్నా: చక్రం గాల్లో తిరుగుతుంటే భయపడి యాక్సిలరేటర్ వదిలేయకూడదు, స్థిరంగా పట్టి ఉంచితే సిస్టం ఆ చక్రానికి బ్రేకు వేసి రెండో చక్రానికి శక్తి పంపుతుంది. అతను కాలు వదిలేస్తున్నాడు, అందుకే ఆగిపోతున్నాడు. వచ్చే ట్రిప్పు ఏమీ మార్చకుండా ఇదే బండితో వెళ్ళి, జిప్ టై ఎక్కడ ఆగిందో ఫొటో తీసి పంపమన్నా, ఆ రెండు పార్టుల సంగతి అది చూశాక మాట్లాడదాం అని చెప్పి ఆర్డరు ఆపేశా.